దశరథం సారు చీటీ

ఏందే నీరజా, పరీక్షంటివి, ఫోన్ల సూత్రాలన్ని బడోళ్లే రాసి పంపిండ్రా? అబ్బో, కరోనా వచ్చినంక పెద్దోళ్లకు గూడ తెలివొచ్చింది. గిదే పని ఇరవై రెండేండ్ల కింద దశరథం సారు జేస్తే మెచ్చుకున్నమనుకున్నవా? నౌకరి ఊడగొట్టినం. మనం బతకొచ్చిన ఈ పరాయి ఊర్ల మీ నాయన సదివిన తెలుగు బడిల లెక్కల సారు గాయన. పరీక్షకు సూత్రాల చీటీ తెచ్చుకోండ్రి, అరచెయ్యంత కాగితం, సొంత చేతిరాత ఉండాలె అనెటోడు. లెక్కలు మాత్రం ఏ పుస్తకంల దొరికేటియి గావు. ట్యాంకర్ల నీళ్లు ఎన్ని బిందెలైతయి, డుమస్ సముద్రపొడ్డున భజియాలోనికి పిండెంత పడతది, అన్ని ఆయనే అల్లేటోడు. చీటీ ముందటున్నా పోరగాండ్లకు చెమటలు వట్టేది. మీ నాయనకు డెబ్బై మార్కులొచ్చినయి. కన్నతండ్రిని, నాకు సంబురం గావాలె గద? కాలే. మా జమానల ఎక్కాలు అప్పజెప్పకుంటే వీపు విమానం మోత మోగేది, చీటీ జూసి రాసేది గూడ పరీక్షేనా అని బడికి పోయి సారు మీదికి లేచిన. నేను సదివింది నాలుగు, అదీ సగం.

సారు తెల్లారి మా నేత కారఖానాకొచ్చిండు. నేను సాంచ మీద గళ్ల బట్ట నేస్తున్న. ఎర్ర పోగులెన్ని, పచ్చ పోగులెన్ని అని రాసిన కాగితం సాంచకు కట్టి ఉంటది. దాన్ని ఇప్పి జేబుల వెట్టుకుండు. "ఇగ నెయ్యి సోమలింగం" అన్నడు. యాడ నేస్త? పక్క సాంచ కాడ ఆగయ్య కిసుక్కున నవ్విండు. "కాగితం జూసుడు తప్పు గాదు. కాగితం బట్ట నెయ్యదు గద, నేసేది నువ్వే. పిల్లలకు గూడ గంతే" అని మల్ల కట్టి పోయిండు.

సమజు గాలేదంటవా? మస్తు సమజైంది. ఆగయ్య నవ్వు ఇంకా బాగ సమజైంది. గందుకే ఆ పొద్దే అర్జీ రాయించిన, సారు పిల్లలతోని కాపీ కొట్టిపిస్తుండని. మొదటి దస్కత్ నాదే. నా ఎనుక పదిమంది వెట్టిండ్రు. సారు సిరిసిల్లకు వాపస్ పోయిండు, ఆడనే కాలం జేసిండు పాపం. కొత్త సారు మా అసొంటోళ్లకు నచ్చినోడు, అంతా బట్టీయే. మీ నాయన సూత్రాలన్ని పొల్లు పోకుంట రాసిండు. ఏది యాడ వెట్టాల్నో తెల్వక పదో తరగతి తప్పిండు. ఇయ్యాల్టికి కతర్‌గామ్ కారఖానాల హీరాలు, గా వజ్రాలే, అరగదీస్తనే ఉన్నడు.

మొన్న టీకా లైన్ల గూడ అన్నడు. "దశరథం సారుంటే నేను పాసయ్యేటోన్ని బాపూ, ఏ లుచ్చాగాడు ఎల్లగొట్టిండో" అని. మాస్కున్నది మేలాయె, నా మొఖం కనవడలే.

అగో, కింద మీ నాయన బండి చప్పుడు. ఇగ ముచ్చట మార్చు, ఫోన్ల చార్జింగుందా జూడు.