గేజీ ముల్లుకు వీపు పెట్టి

కూర్చోమ్మా రంజనీ. ఆడ కాదు, ఈడ. ఆ స్టూలు ఇట్ట తిప్పుకో, గేజీకి వీపు పెట్టు. ఆ, అట్ట. తిరిగి చూడబాక. ఎందుకంటే, మా షెడ్డులో పద్ధతి అది, అంతే. ఇప్పుడు నేనేం చేసినా? నీ కారు ఏసీ పైపుల్లో ఉన్న గాలంతా పంపు పెట్టి లాగేసినా, వాల్వు మూసేసినా. లోపల గ్యాసూ లేదు, గాలీ లేదు, ఉత్తదే. యాడన్నా సూదిమొనంత లీకు మిగిలి ఉంటే బయటి గాలి లోపలికి దూరతాది, ముల్లు మెల్లింగా పైకి లేస్తాది. లేవలేదనుకో, లీకు పోయినట్టు. ముల్లు లేస్తే కారు అమ్మేస్తానంటివి గదా పొద్దున? అమ్ముదువులే, ఏం తొందర. మీ ఇంట్లో వాళ్ళు అనే మాటలు నాకు తెలవకనా? ‘ఆడదాని చేతికి బండి ఇస్తే ఇట్టనే ఉంటాది, ఈ ఎండలో ఏసీ లేని ట్యాక్సీ ఎవురెక్కుతారు?’ అంతే గదా? చెప్తా ఉండు. నీ బండిలో పోయింది ఒక రబ్బరు రింగు. పైపు జాయింటులో ఉండే చిన్న రింగు. దానికి ఆడ మగ తెలీదమ్మా. నువ్వు పోయిన షాపుల్లో ఒక్కడన్నా వెతికినాడా? ‘గ్యాస్ అడిచ్చాచ్చు, పో మా’, గ్యాసు కొట్టేసినాం పో అని పంపించేసినారు. గ్యాసు కొట్టినంత మాత్రాన నిలుస్తాదా, పోయే దారిన పోతానే ఉంటాది గదా.

ఏంది, అరవంలో అడిగితివి? అడుగు పరవాలా, నేను తెలుగులోనే చెప్తా. ఈ గేజీనా? నాది కాదు. అచ్యుతరామయ్యది. నువ్వు చూసుండవులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. అంబత్తూరు ఎస్టేటు వెనకాల రేకుల షెడ్డు ఆయనది, నేను ఆడనే పని నేర్చుకుంటిని. పెరంబూరులో రైలెక్కి పోతా ఉంటి రోజూ. అబ్బ, ఆ రైల్లో గుంపు ఉండాదే... సరే, అది విడు. మనిషి ఎట్టా ఉంటాడంటావా? తలకు ఎప్పుడూ తడి తువ్వాలు, ముక్కు మీద సోడాబుడ్డి కళ్ళజోడు. వేడికి తాళలేడు, ఏసీ చల్లదనానికీ తాళలేడు. ఏసీలో కాసేపు కూర్చుంటే చాలు, అచ్చ్ అచ్చ్ అని తుమ్ములు! మద్రాసులో కార్లన్నిటినీ చల్లపరిచి తాను మాత్రం బయట చెమటలో నిలబడే మనిషి. పని అయినాక ఏం చేస్తాడంటే, కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ పెట్టుకుంటాడు. తుమ్ముతా తుమ్ముతా తలుపు తీసి దిగతాడు. మన ఉక్కపోత తగలతానే కళ్ళజోడు తెల్లగా మంచు పట్టేస్తాది. కళ్ళు కనపడవు, ఆడనే గుడ్డోడి మాదిరి నిలబడి పళ్ళికిలిస్తాడు. ‘ఆ, ఇప్పుడు తీసుకోని పొండయ్యా’ అంటాడు. అదే ఆయన సర్టిఫికెట్టు. కళ్ళజోడుకు మంచు పట్టనిదే బండి షెడ్డు దాటదు.

ఒగసారి సౌకార్‌పేట నుంచి కోదండరాం అని గుడ్డల వ్యాపారి, మనోళ్ళే, అంబాసిడర్ తెచ్చినాడు. ఆ వీధిలో ఏసీ కారంటే ఆయనదొకటే. దిగీ దిగంగానే అరుపులు. ‘గ్యాసు పోస్తారు, నెల తిరక్కముందే ఉక్కపోత! మీ మెకానిక్కులంతా దొంగలయ్యా!’ అని. వెనక సీట్లో ఆయన పెండ్లాము, దమయంతమ్మ. అత్తగారింట్లో వాళ్ళు ఆమెను ఏమనేవాళ్ళో తెలుసునా? ‘ఈమె ఎక్కితేనే ఏసీ చచ్చిపోతాది, ఈమె రాశి అట్టాంటిది’ అని. మొగుడూ అదే మాట మా ముందర అనేసినాడు. ఆయమ్మ తల దించుకోని చీర కొంగు మెలిపెట్టుకుంటా ఉండాది. అచ్యుతరామయ్య కోదండరాంను టీ కొట్టుకు పంపించేసి, పని మొదలుపెట్టినాడు.

ముందర కండెన్సరు చూస్తిమి, బాగుండాది. పైపులు బాగుండాయి. కంప్రెసరు బాగుండాది. ఇంక మిగిలింది కూలింగ్ కాయిల్. డాష్‌బోర్డు కింద, చల్లగాలి వచ్చే జల్లెడ వెనకాలనే ఉంటాది. జల్లెడ విప్పితే, అయ్యయ్యో, ఏం వాసనమ్మా! నిమ్మకాయ, పసుపు, పులిసిన మజ్జిగ! అచ్యుతరామయ్య కుంకుడుకాయ నురగ కొట్టి కాయిలుకు పూసినాడు. సబ్బు పనికిరాదంటాడు, కుంకుడు నురగైతే నిలుస్తాదంట. చూస్తా ఉంటే ఒక మూల నురగ ఉబ్బింది, బుడగ, మళ్ళీ బుడగ. కాయిలు అరిగిపోయి ఆడ సూదిబెజ్జం! మేమిద్దరం ఆయమ్మ తట్టు చూస్తిమి. పాపం, తానే మెల్లింగా చెప్పింది. ‘శుక్రవారం శుక్రవారం బండికి పూజ చేస్తానండీ. చల్లగాలి ఇచ్చే తల్లి గదా అని జల్లెడ మీద పసుపునీళ్ళు, నిమ్మకాయ రసం, మజ్జిగ చల్లతాను. ఏసీ వేడెక్కిందంటే అమ్మకు కోపం వచ్చిందేమోనని ఇంకా ఎక్కువ చల్లతాను’ అని. నవ్వబాక! మనం అమ్మవారిని చల్లపరిచేది అట్టనే గదా? ఆయమ్మ తప్పేముండాది అందులో? పులుపు తగిలి తగిలి కాయిలును తినేసింది, ఆయమ్మ ఇంకా పోసింది, అది ఇంకా తినేసింది.

అచ్యుతరామయ్య నవ్వలా. చేతులు తుడుచుకోని ఏమన్నాడంటే, ‘తల్లీ, మీ భక్తికి ఈయమ్మ చల్లబడింది. చాలు. ఇంక నీళ్ళు పోస్తే జలుబు చేస్తాది, నా మాదిరి తుమ్ముతా కూర్చుంటాది. ఇప్పట్నుంచి పూజంతా ముందర బంపరుకు చెయ్యండి. అది గట్టిది, ఎన్ని పోసినా తాగతాది’ అని. ఆయమ్మ ముఖం చూడాల్సిందమ్మా! కంట్లో నీళ్ళు, నోట్లో నవ్వు. మొగుడు తిరిగొస్తే ఆయనకేం చెప్పినాడో తెలుసునా? ‘కాయిలు చిల్లి పడింది సార్, పాతదైపోయింది. మీ ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంటా ఉంది కాబట్టి కంప్రెసరన్నా మిగిలింది’ అన్నాడు! ఆ తర్వాత ఆయమ్మను ఇంట్లో ఎవురూ ఒక మాట అన్లేదంట. ప్రతి ఆయుధపూజకూ షెడ్డుకు చక్కెర పొంగలి వచ్చేది. బంపరు నిండా పసుపే! ఇంకో మాట, నువ్వేం తక్కువా? నీ బండి ముందు అద్దం కింద నుంచి, గాలి పోయే దారిలో, ఎండిపోయిన మల్లెపూలు గుప్పెడు తీసినా. వైపరుకు దండ కట్టబాక, లోపలి చిన్నద్దానికి కట్టుకో.

ఆ దినమే నేర్చుకుంటిని ఈ వీపు పెట్టే పద్ధతి. కొత్త కాయిలేసి, గాలి లాగేసి, వాల్వు మూసినాక, కోదండరాం గేజీ ముందర గొంతుక్కూర్చుని ‘లేస్తాందా, లేస్తాందా’ అని చూస్తా ఉన్నాడు. అచ్యుతరామయ్య ఆయన్ని భుజాలు పట్టి తిప్పి కూర్చోపెట్టినాడు. ‘మీరు చూసినంత మాత్రాన అది ఆగదు, చూడనంత మాత్రాన లేవదు. మన పని మనం చేసినాం. ముచ్చట చెప్పండి, ఎవురన్నా మంచోళ్ళ గురించి’ అన్నాడు. ఆపైన ఎవురొచ్చినా అదే. బండిగలోళ్ళు ముల్లుకు వీపు పెట్టాల, ముచ్చట చెప్పాల. ముచ్చట అయినాకనే తిరిగేది.

చివర్లో ఆయనకు గుండె జబ్బు చేసింది. ఆస్పత్రికి పోతిని. తలకాడ పెట్టె ఒకటి, గీతలు పైకీ కిందికీ పోతా ఉండాయి. నేను దాన్నే చూస్తా నిలబడితిని. ‘ఒరే దేవరాజులూ, దానికి వీపు పెట్టి కూర్చోరా. ముచ్చట చెప్పు’ అన్నాడు. ఏం చెప్పేది? దమయంతమ్మ ముచ్చటే చెప్పినా. బంపరు కాడికొచ్చేసరికి నవ్వినాడు, నా చెయ్యి పట్టుకోని నవ్వినాడు. నేను చెప్తానే ఉంటిని. చక్కెర పొంగలి గురించి చెప్తా ఉంటిని. చెయ్యి పట్టు వదిలింది. నేను తిరిగి చూడలా. ఆ పొంగలి ముచ్చట అయిందాకా చెప్పి...

...

సరే. టీ చల్లారిపోయింది. తిరుగు, తిరుగమ్మా, ఇంక చూడు. యాడుండాది ముల్లు? పెట్టిన కాడనే గదా? వెంట్రుకవాసి కూడా కదల్లా గదా? ఏయ్, ఏడుస్తావేంది! పో, ఆ గ్యాసు సిలిండరు ఇట్ట దొర్లించు. అట్నే, ఆ కిటికీలో నా కళ్ళజోడు ఉంటాది, తుడిచి పట్టుకోని రా.