ఫ్లెక్సీ మీది నీలం చీర

ఎనుమాముల మార్కెట్ వెనుక గల్లీలో, సంధ్యారాణి ఇంటి ముందు చంద్రమౌళి సార్ చెప్పులు విడిచారు. ఆయన నడిపే కుట్టు సెంటర్‌కు ఆమె వారం నుంచి రావడం లేదు.

“జ్వరమొచ్చింది సార్.”

“నిన్న ఫోన్ల నడుము నొప్పి అన్నవ్ కద బిడ్డా.”

“అదీ ఉన్నది, ఇదీ ఉన్నది. కూసోండ్రి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఇరిగింది. ఇటు.”

“కూసుంట గని, సోమవారం కొత్త బ్యాచ్ మొదలైతాంది. నేర్పేది నువ్వే. ఒప్పుకున్నవ్.”

“ఒప్పుకున్న.”

“మరి?”

“వేరేటోళ్లను సూసుకోండ్రి సార్.”

“ఎవరున్నరు? జాకెట్ చెయ్యి కుదరకపోతే నా దిక్కు ఎవరన్న చూస్తరా? అందరు నీ మిషన్ కాడికే ఉరుకుతరు.”

“ఛాయ్ తాగుతరా?”

“మాట మార్చకు.”

“మారుస్తలేను. అత్తా, సార్ వచ్చిండు. జర ఛాయ్ పెట్టు.”

“నేనేమన్న అన్ననా నిన్ను?”

“నోటితోని అనలే.”

“మరి?”

“చౌరస్తల కట్టిండ్రు గద.”

“ఫ్లెక్సీనా? అది... నిన్ను చూసి ఇంకో నలుగురు వస్తరని కట్టిచ్చిన. ఒక పక్క మార్కెట్ల కూలికి తెల్లబడ్డ తాలు మిరపకాయలు ఏరుకుంట, ఇంకో పక్క మిషన్ మీద.”

“కింద ఏం రాసి ఉన్నదో చెప్పుండ్రి.”

“ఇప్పుడెందుకది?”

“మీరు రాసిందే గద సార్.”

“‘నిన్న దిక్కులేని బతుకు. నేడు సొంత కాళ్ల మీద.’”

“మెల్లగ. లోపలికి ఇనపడ్తది.”

“రాసేటప్పుడు మంచిగనే అనిపిచ్చింది బిడ్డా.”

“అనిపిస్తది. మా దీప ఆ చౌరస్త మీదికెల్లే కాలేజికి పోయేది. ఇప్పుడు సుట్టు తిరిగి పోతాంది. దోస్తులు అడుగుతాండ్రట, మీ అమ్మేనా అని.”

“నిన్నొక మాట అడగాలె. అడగాలని తోచనే లేదు నాకు.”

“మంచిగ కుట్టినోళ్లకు ఇదేనా సార్ బహుమానం?”

“తప్పైంది. ఇయ్యాలనే దింపిస్త. ఫొటోలు తీసి కట్టిన అఖిల్‌కు ఇప్పుడే ఫోన్ చేస్త. నువ్వు తాలు ఏరిన ఫొటో మళ్ల ఎవ్వరికీ కనపడది.”

“అది నేను కాదు.”

“ఏంది?”

“మిర్చి ఘాటుకు మొఖానికి బట్ట కట్టుకుంటం. కండ్లే కనపడ్తయి. మీ అఖిల్ ఎవరిని తీసిండో మీరు చూసిండ్రా?”

“నీలం చీర... నీదే గద? మొదటిరోజు సెంటర్‌కు అదే కట్టుకొచ్చినవ్.”

“చీర నాదే. కట్టుకున్నది మా అత్త సమ్మమ్మ. నేను మిషన్ నేర్సుకునుడు షురూ జేసినంక నా జాగల ఆమె కూలికి పోయింది. మోకాళ్లు వంగకున్నా పోయింది.”

“నువ్వు ఒక్కనాడు గూడ చెప్పలే.”

“మీరు అడగలే. సూది ఇరగ్గొట్టిన రోజు యాదున్నదా? ఇంటికొచ్చి, ఇగ పోనని ఏడిసిన. ‘ఇరిగింది సూది, నీ చెయ్యి కాదు’ అని తెల్లారి మా అత్తనే సెంటర్ గేటు దాంక నన్ను తోలుకొచ్చింది.”

“నీకు ధైర్యం చెప్పింది నేనే అనుకున్న ఇన్ని రోజులు.”

“మీరు నేర్పిండ్రు సార్. కాదంటే కండ్లు పోతయి. గని దిక్కు మాత్రం మా ఇంట్లనే ఉండె.”

“ఆమెకు తెలుసా, కింద ఏమున్నదో?”

“సదువు రాదు. ఫొటో మాత్రం గుర్తువట్టింది. హసన్‌పర్తి కెల్లి చెల్లెను పిలిపిచ్చుకొని మరీ చూపిచ్చింది.”

“అయ్యో.”

“ఊకోండ్రి, వస్తాంది.”

“ఇగో సారూ, ఛాయ్. చక్కెర జర ఎక్కువ పడ్డది.”

“మంచిగున్నది సమ్మమ్మా. మా ఇంటామె బతికున్నప్పుడు ఇట్లనే పెట్టేది.”

“ఫొటువ మంచిగ తీపిచ్చినవ్. ముసల్దాన్ని, నన్నెందుకు కట్టిన్రో అని సిగ్గైంది. సంబురం గూడ అయింది తియ్యి. కింద ఏమో రాసిన్రట గద?”

“ఛాయ్ తాగనియ్యి అత్తా.”

“తాగుకుంటనే చెప్తడు. ఇది రేపు చెప్త, రేపు చెప్త అంటాంది. మనుమరాలు మొఖం తిప్పుకుంటాంది. నువ్వన్న చెప్పు సారూ, ఏం రాసినవ్?”

“అది... ‘సంధ్యారాణి పనిమంతురాలైందంటే, వెనక నిలబడ్డది ఈ అత్త’ అని రాసిన.”

“నా గురించేనా? అంత పెద్ద పెద్ద అక్షరాలతోని?”

“నీ గురించే.”

“ఇగ సూడు, ఇది చెప్పెతందుకు సిగ్గుపడ్డది నా కోడలు. ఆగు సారూ, బిస్కిట్లు తెస్త. ఉత్త ఛాయ్ తాగి పోతవా ఏంది.”

“సార్.”

“తలకాయ ఎత్తబుద్ధి అయితలేదు బిడ్డా.”

“సోమవారం వస్త. మా అత్తను, దీపను ఎంబడి తీసుకొని చౌరస్త మీదికెల్లే వస్త. అక్కడ ఆగి, దీపతోని సదివిపిచ్చి ఆమెకు ఇనిపిస్త. అప్పటికల్ల ఆ ఫొటో కింద, మీరిప్పుడు మా అత్తకు చెప్పిన మాటే ఉండాలె.”