వెనక మిగిలినవాడు

అదేంటండీ, చెప్పులు బయట విడవలేదని అలా చూస్తారు? మట్టే కదా. తుడుచుకుంటే పోతుంది. ఇల్లు తుడిచేది నేనే కాబట్టి ఆ బెంగ మీకక్కర్లేదు.

ఎక్కడికెళ్ళావని అడగండి. అడగరు. పెదాలు బిగించుకుని, ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నట్టు ఆ కాగితాల్లోకి తల దూర్చేస్తారు. పెన్ను మూత ఇంకా తియ్యనేలేదు, చూశాన్లెండి.

సరే, అడక్కపోయినా చెప్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు చెప్తుంటే నేను వింటూనే ఉన్నాను. చర్చిలో చెప్పే ప్రసంగాలూ విన్నాను, వాటికి ముందు ఈ గదిలో అద్దం ముందు మీరు చెప్పుకునేవీ విన్నాను. ఇవ్వాళ ఒక్కరోజు మీరు వినండి. లేవకండి. లేచినా వంటింటి దాకా వెంటపడి చెప్తాను.

ఆ లిఫ్టు మెకానిక్కుని పూడ్చిపెట్టి వస్తున్నాను.

ఆఁ, అతనే. నిన్న పొద్దున మనవాడు మెట్ల మీద నిలబడి, "నాన్నా, ఒక్క ప్రార్థన చెయ్యండి చాలు. నాకోసం కాదు, అతని కోసం" అంటే, మీరు మాటా పలుకూ లేకుండా లోపలికొచ్చి తలుపేసుకున్నారే, ఆ అతనే. అంతా చూశాను. చేతిలో గరిటె పట్టుకుని ఇక్కడే నిలబడున్నాను. ఎంత నెమ్మదిగా వేశారండీ తలుపు! ధడేల్మని వేసుంటే వాడికి కాస్త కోపమైనా వచ్చేది. కోపం వస్తే మనిషికి ఏడుపు ఆగుతుంది. వాడికి ఆగలేదు.

మీకు తెలిసింది సగమే. ఆ సగమూ మీ సంఘ పెద్దలు మోసుకొచ్చి మీ చెవిలో పోసింది. మిగతాది నా దగ్గరుంది, వినండి.

ఆ పెద్దల్లో ఒకాయన కూతురితో వీడికి సంబంధం అనుకున్నాం, గుర్తుందా? వాడు మీతో చెప్పకముందు నాతో చెప్పాడు. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. మడతకి మడతకీ మధ్య, నా ముఖం చూడకుండా అన్నాడు. "అమ్మా, నాకు ఆడవాళ్ళ మీదికి మనసు పోదు. ఎప్పుడూ పోలేదు. ఆ అమ్మాయి గొంతు కొయ్యలేను. నేను గే" అని.

గే! ఒక్క అక్షరం కదండీ అది. పలకడానికి రెప్పపాటు చాలు. దాన్ని గొంతులోంచి బయటికి తేవడానికి వాడికి పడుచు వయసంతా పట్టింది.

నాకేం అర్థమైందనీ? "సర్లే, ఆ కొస సరిగ్గా పట్టుకో" అన్నాను. వాడు నవ్వేశాడు. నవ్వుతూనే దుప్పట్లో ముఖం దాచుకున్నాడు. మళ్ళీ ఉతకాల్సొచ్చింది ఆ దుప్పటి.

తర్వాత మీకు చెప్పాడు. మీరు కొట్టలేదు, తిట్టలేదు. మీరు మంచివారు కదా! ఉపవాస ప్రార్థన పెట్టించారు.

ఒక సంగతి మాత్రం మీరెప్పుడూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. వాణ్ణి ఆ ప్రార్థనకి ఎవరూ ఈడ్చుకురాలేదు. వాడంతట వాడే వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మీ పెద్దలందరూ వాడి తల మీద చేతులేసి, ఊపి, గొంతులు బొంగురుపోయేలా అరిచారు. వాళ్ళందరికంటే వాడే ఎక్కువ ఏడ్చి అడిగాడండీ, మార్చమని. ఆ గదిలో అందరికంటే వాడికే గట్టి నమ్మకం, మారుస్తాడని.

అంతా అయ్యాక వంటింట్లోకొచ్చాడు. గ్లాసుడు నీళ్ళు గడగడా తాగాడు. తాగి, "అమ్మా, దేవుడు నన్ను మార్చలేదు. మార్చలేకా, మార్చక్కర్లేకా?" అన్నాడు.

నేనేం చెప్పను? నేను పాస్టరు గారి భార్యని. నాకు కుర్చీలు సర్దడం తెలుసు, వచ్చినవాళ్ళకి టీ అందించడం తెలుసు. ఇలాంటివాటికి జవాబులు మీ గదిలో, మీ పుస్తకాల అరల్లో ఉంటాయనుకున్నాను. "నాన్నని అడుగు" అన్నాను. అడిగాడు. మీరేమన్నారు? "నీ విశ్వాసం చాల్లేదు, అందుకే" అన్నారు.

అంతే. బట్టల సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం పాటలప్పుడు వాడు వాయించే కీబోర్డు దగ్గర ఖాళీ స్టూలు. మీరు ఒక్కసారైనా అటు చూస్తారేమోనని నేను మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను.

మందుల షాపులో పని దొరికింది వాడికి. అదే మేడ మీద ఓ గది. నేను వెళ్ళొచ్చేదాన్నండీ. స్త్రీల కూడిక అని చెప్పి వెళ్ళేదాన్ని. ఆఁ, అబద్ధమే. దానికి పశ్చాత్తాపం ఏమీ లేదు, అలా చూడకండి.

ఆ మేడలో లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చేవాడు ఇతను. అలా పరిచయం. నాకు మొదట్లో నచ్చలేదు. చేతుల నిండా గ్రీజు, నోటికి హద్దూ అదుపూ లేదు. నేను లిఫ్టు ఎక్కడానికి జంకుతుంటే, "రండి అమ్మగారూ, అందర్నీ పైకి పంపడమే నా పని" అన్నాడు. హడలిపోయాను! "కంగారుపడకండి, మళ్ళీ కిందికి దింపే పూచీ కూడా నాదే" అన్నాడు. నవ్వాగలేదు. మనింట్లో పైకి వినపడేలా నవ్వి ఎన్నాళ్ళయిందండీ?

అమ్మగారూ అనేవాడు. కొన్నాళ్ళకి ఆంటీ అయ్యాను. ఒకరోజు నేను బయల్దేరుతుంటే, "గొడుగు మర్చిపోయారు అత్తయ్యా" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. మనవాడు కొయ్యబారిపోయాడు. ఇద్దరూ గుమ్మంలో అలా నిలబడిపోయారు, ఏ శిక్ష పడుతుందో అన్నట్టు. నేను గొడుగు తీసుకుని, "పిలుపు బానే ఉందయ్యా, మార్చకు" అన్నాను.

అదీ నా పాపం. రాసుకోండి ప్రసంగంలో.

అతను ఏ దేవుడి గడపా తొక్కినవాడు కాదు. దేవుడూ గీవుడూ లేడని వాదించే రకమూ కాదు. "ఉంటే మంచిదే, లేకపోతే లిఫ్టులు ఆగవు" అనేవాడు. కానీ ఆదివారం వస్తే మనవాడి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టేది అతనే. "వెళ్ళు, నీ పాటలు నువ్వు పాడుకునిరా. వెళ్ళకపోతే వారమంతా ముఖం వేలాడేసుకుంటావు, నేను చూడలేను" అని తోసేవాడు.

మనవాడు ఊరి ఆ చివరున్న చర్చికి వెళ్ళేవాడు. తననెవరూ గుర్తుపట్టని చోటు. ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు. ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షరసం వచ్చినప్పుడు తీసుకోకుండా పళ్ళెం పక్కవాళ్ళకి అందించేసేవాడట. ఆ సంగతి తెలిసి మెకానిక్కు ఊరుకోలేదు. "ఎందుకు తీసుకోవు?" అన్నాడు.

"తగనివాడు తీసుకుంటే వాడికే ముప్పని నాన్న చెప్పేవారు."

"ఓహో! మరి అక్కడ తింటున్నవాళ్ళందరికీ మీ నాన్నే పరీక్ష పెట్టి పాస్ చేశాడా?"

నా ముందే జరిగింది ఇది. నవ్వాలో, చెవులు మూసుకోవాలో తెలీలేదు. ఆ పై ఆదివారం వాడు తీసుకున్నాడండీ. తర్వాత నేను వెళ్ళినప్పుడు చెప్పాడు. "నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నానమ్మా, ఏం జరుగుతుందో అని. ఏమీ జరగలేదు. ఎన్నాళ్ళకో ఇంటికొస్తే ఎవరో అన్నం పెట్టినట్టుంది" అన్నాడు.

ఇల్లు ఇక్కడుంది కదండీ! అన్నం వండేదాన్ని నేనున్నాను కదా!

ఇంకోటి కూడా అన్నాడు. "నాన్న దేవుడు వేరు, నా దేవుడు వేరు కాదమ్మా. ఒక్కడే. ఆయన మాటలు చెప్పేటప్పుడు నాన్న సగం మింగేస్తారు, అంతే" అన్నాడు. కోపంగా కాదు. మీకు మధుమేహం ఉందని చెప్పినట్టు, అంత జాలిగా.

తర్వాత అతనికి జబ్బు. కడుపులో కాన్సరు. తెలిసేసరికే చెయ్యి దాటిపోయింది. అంత మనిషీ పక్కబట్టల్లో కనపడకుండా పోయాడు. మనవాడు పగలు షాపు, మిగతా వేళంతా ఆసుపత్రి. నర్సమ్మ వచ్చి, "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని వాణ్ణడిగింది. నేనే అందుకుని "మావాడేనమ్మా" అన్నాను. ఇద్దరిలో ఎవరి గురించి అన్నానో ఆవిడకి అర్థం కాలేదు. ఏం రాసుకుందో ఏమో, వెళ్ళిపోయింది.

వాడు మందులు తేవడానికి వెళ్ళినప్పుడు అతను నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "అత్తయ్యా, నాకు ప్రార్థన గీర్థన ఏమీ వద్దు. నేను పోయాక నాకేం తెలుస్తుంది? కానీ వీడికి కావాలి. ప్రార్థన లేకుండా పూడిస్తే వీడు జన్మలో కుదుటపడడు. మావయ్యగారిని అడగండి" అన్నాడు.

మిమ్మల్నేనండీ. మావయ్యగారట.

అతను పోయాక, నేను అడగాలనుకునేలోపే మనవాడే వచ్చి అడిగాడు. నాకోసం కాదు, అతని కోసం అన్నాడు. అతనేమో నాకొద్దు, వీడికోసం అన్నాడు. ఒకరి కోసం ఒకరు అడిగిన ప్రార్థనండీ అది. మీరు తలుపేసుకున్నది దానికి.

ఇవ్వాళ మన చర్చి సమాధుల తోటలో కాదు కదా, ఊరందరి శ్మశానంలో ఓ మూల ఇచ్చారు. రాత్రి వాన పడిందేమో, అడుగేస్తే చాలు చెప్పులు దిగబడిపోతున్నాయి. అతనితో పనిచేసే మెకానిక్కులు ఓ నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళే మోశారు. మోకులతో దింపేటప్పుడు చూడాలి మీరు! ఎక్కడా ఒరగలేదు, కుదుపు లేదు. ఎంత మెల్లగా దింపారో. రోజూ చేసే పని కదా, దింపడం.

దింపాక వాళ్ళ మేస్త్రీ టోపీ తీసి చంకలో పెట్టుకుని, "పాస్టరు గారు ఇంకా రాలేదా?" అన్నాడు.

మనవాడు గేటు వైపు చూశాడు. ఇంకా చూస్తున్నాడండీ! నిన్న తలుపు ముఖం మీద వేశాక కూడా, వస్తారేమోనని. నాకది భరించడం కష్టమైపోయింది.

నోరు తెరిచాను.

నేను! స్త్రీల కూడికలో ఒక్క వాక్యం ప్రార్థన చెయ్యమన్నా వెనక వరసలోకి జారుకునేదాన్ని. కళ్ళు మూసుకున్నాను. మీ మాటలే వచ్చాయి. ఇన్నేళ్ళుగా సమాధుల దగ్గర మీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడి విన్న మాటలు. ఎక్కడ మీరు గొంతు తగ్గిస్తారో నేనూ అక్కడే తగ్గించాను. మట్టిలోంచి తీసినవాడివి నువ్వే, మట్టికి అప్పగిస్తున్నాం, అని మీరెలా అంటారో అలాగే అన్నాను. బాగానే సాగింది.

"వెనక మిగిలిన..." దాకా వచ్చి ఆగిపోయాను.

అక్కడ మీరేమంటారు? వెనక మిగిలిన భార్యను ఆదరించు తండ్రీ, అంటారు. లేకపోతే భర్తను అంటారు. బిడ్డలను అంటారు. ఆ ప్రార్థనలో వీడికి మాట లేదండీ. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అందరూ తలలొంచుకుని నిలబడ్డారు. గోతి అంచు నుంచి మట్టి పెళ్ళలు జారి కింద పెట్టె మీద పడుతున్నాయి. స్నేహితుణ్ణి అనాలా? ఆ మాట అనుంటే వాడు పైకి ఏమీ అనేవాడు కాదు. లోపల చచ్చిపోయేవాడు.

"వెనక మిగిలిన నా కొడుకును ఆదరించు" అన్నాను.

అప్పుడు వాడి నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు. ఎలా చెప్పనూ... చాలాసేపు బరువు మోసి కింద పెట్టినవాడు ఊపిరి వదుల్తాడు చూడండి, అలాంటిది. వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. దారి పొడుగునా వదల్లేదు. బస్సు ఎక్కించేటప్పుడు, "నాన్నని ఏమీ అనకమ్మా" అన్నాడు. అదండీ మీ కొడుకు.

లేదు, ఇంకా అవలేదు. ఒక్క మాటుంది. ఇది మీకు చెప్పాలనే ఇంతసేపూ ఇదంతా చెప్పుకొచ్చాను. ఇది వాడికి చెప్పలేదు. చెప్పలేను.

ప్రార్థన అయ్యాక వాడు ఆమెన్ అన్నాడు. గట్టిగా. వాడికి సందేహం లేదండీ. ఎవరో విన్నారని వాడికి తెలుసు. మీరూ నేనూ, ఆ పెద్దలూ అందరం కలిసి లాక్కోవాలని చూసినా, వాడి దేవుణ్ణి వాడు ఎక్కడో దక్కించుకున్నాడు. ఆ మెకానిక్కులు కూడా అన్నారు, వాడు అన్నాడు కదా అని.

నా నోటికి రాలేదు.

ఇన్నేళ్ళు మీరు ప్రార్థన చేస్తే ప్రతిసారీ ముందు ఆమెన్ అన్నది నేనే. మీ గొంతు విని అన్నాను. ఇవ్వాళ మీ గొంతు లేదు. ఆ గోతి పక్కన నిలబడి, ఇంతసేపూ ఎవరితో మాట్లాడానా అని పైకి చూశాను. వాన మబ్బు ఉంది. అంతే ఉంది.

ఏమోనండీ. మీరు పాస్టరు కదా. ఇలాంటిది వేరే ఏ ఇల్లాలైనా వచ్చి చెప్పుకుంటే, ఆవిడకి ఏం చెప్తారు?