ఊగే హ్యాండిలు, ఉక్కు పిడికిలి

"రండర్రా, ఇలా రండి. ఆ పాత టైర్ల మీద కాదు, దొర్లిపడతారు. ఈ గోనెపట్టా మీదకి జరగండి. నువ్వు కూడా రావే, ముక్కు తుడుచుకుని మరీ రా. ఇవాళ చెప్పబోయేది పిరికివాళ్లు వినే కథ కాదు. భయమేసేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు."

ఎవరూ లేవలేదు. బడి వదలగానే సంచులతో సహా మెకానిక్కు షెడ్డు ముందు వాలిపోయే పిల్లలకు హారను తాత కథలు కొత్తేమీ కాదు. తాత ఆ షెడ్డు వసారాలో కుట్టుమిషను వేసుకుని బళ్లకు సీటు కవర్లు కుడతాడు. ఆయన గొంతెత్తితే మలుపు అవతల వచ్చే లారీ కూడా పక్కకు తప్పుకుంటుందని చెప్పి ఎవరో ఆ పేరు పెట్టారు, అది అలాగే అతుక్కుపోయింది.

కొత్తవాళ్లు ఇద్దరే. వసారా చివర బల్ల మీద కూర్చున్న భార్యాభర్తలు. దూరప్రయాణాలకు వాడే పెద్ద బండి మీద, మరో నలుగురైదుగురు బళ్లవాళ్లతో కలిసి కొండలు చూడటానికి బయల్దేరారు. పొద్దున కొండ దిగుతుంటే ముందు చక్రం ఊగింది. ఎలాగో ప్రాణాలతో ఈ షెడ్డు దాకా వచ్చి పడ్డారు. తోటివాళ్లు ముందే కొండ దిగి లాడ్జిలో దిగిపోయారు. వీళ్లకు ఇంకా సగం కొండ మిగిలే ఉంది, అసలు మలుపులన్నీ ఆ సగంలోనే.

మెకానిక్కు మధ్యాహ్నమంతా దాన్ని చూశాడు. ముందు చక్రం నేలనుంచి లేపి, హ్యాండిలును వేలితో ఒక పక్కకు తట్టి, అది ఎలా ఊగి ఎక్కడ ఆగుతుందో గమనించాడు. టైరు చుట్టూ అరచెయ్యి రాశాడు. "హ్యాండిలు కింద బేరింగు వదులైంది, నట్టు బిగించాను. కానీ దాంతో రోగం దాక్కుంటుంది తప్ప పోదు. టైరు చూడండి, అలలు అలలుగా అరిగింది. పైగా వెనక పెట్టెనిండా సామాను, ముందు చక్రానికి నేల మీద పట్టే లేదు. కొత్త టైరు రేపు పొద్దున బస్సుకు వస్తుంది. అందాకా బండి కదపొద్దు," అని చెప్పి, టైరు కోసం ఫోన్లు చేసుకుంటూ బస్సాఫీసుకు వెళ్లాడు.

వెళ్తూ వెళ్తూ, "ఇంతకీ పొద్దున అంత ఊగుడు ఎలా ఆపారండీ?" అని అడిగాడు.

"ఎలా ఏముంది, గట్టిగా పట్టుకున్నా. ఆగింది," అన్నాడు భర్త.

ఆమె తల దించుకుంది. పొద్దున జరిగింది అది కాదు. కానీ మొగుడి మాట పరాయివాళ్ల ముందు ఎలా కొట్టిపారేస్తుంది? అప్పటినుంచీ ఆమె కళ్లు అతని చూపుడువేలికి వేలాడుతున్న తాళంచెవి మీదనే ఉన్నాయి. అతను దాన్ని గిరగిరా తిప్పుతున్నాడు.

హారను తాత మిషను పక్కకు నెట్టి గొంతు సవరించుకున్నాడు.

"అప్పట్లో నా చెయ్యి ఇలా సూదికీ దారానికీ పరిమితం కాలేదర్రా. ఒకాయన బండి తోలుకొచ్చాడు, ఏనుగుగున్నంత బండి. 'అన్నా, ముందు చక్రం కాస్త అదురుతోంది' అన్నాడు. నేను సీటు మీద చెయ్యి వేశానో లేదో రోగం చెప్పేశా. టైరులో గాలి తక్కువ. గాలి కొట్టించాం, అదురు పోయింది."

"అంతేనా తాతా?" పిల్లలు నీరుగారిపోయారు.

"అంతే అయితే మిమ్మల్ని పిలిచి కూర్చోబెడతానా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన నమ్మలేదు! 'నువ్వే కొండ దిగి చూపించు' అన్నాడు. ఎక్కాను. ఇదే కొండ, ఇదే రోడ్డు. స్పీడు ఎనభై నుంచి అరవైకి పడిందో లేదో, హ్యాండిలు తల ఊపింది. ఇటూ అటూ, ఇటూ అటూ. దిగొద్దు, దిగొద్దు అన్నట్టు."

ఆమె తాళంచెవి మీదినుంచి చూపు తిప్పి తాత వైపు చూసింది. తాత కోతలు కోస్తున్నాడని మొదటి మాటకే తెలుసు, కానీ ఈ ఒక్కటి కోత కాదు. పొద్దున అచ్చం అలాగే ఊపింది. వెనక కూర్చున్న ఆమెకు భర్త భుజం మీదుగా కనిపించింది. చిన్నగా మొదలై, క్షణంలో పెద్దదైంది. రోడ్డు పక్క తెల్లరాళ్లు ఒక్కొక్కటీ మీదకు దూకినట్టు వచ్చాయి. రాళ్ల అవతల చెట్ల తలలు మాత్రమే కనిపించాయి, మొదళ్లు ఎంత లోతున ఉన్నాయో.

"మొదట అద్దాలు ఊడిపోయాయి," తాత అందుకున్నాడు. "తర్వాత నా చొక్కా గుండీలు టపటపా రాలాయి. చేతి గడియారంలో ముళ్లు వెనక్కి తిరిగాయి. నా మీసం చూడండి, ఎడమవైపు పొట్టి. ఆ రోజు దాకా కుడివైపు పొట్టిగా ఉండేది!"

పిల్లలు మీసం కేసి కళ్లప్పగించి చూశారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊగుడు బండి లోంచి దిగి రోడ్డుకు పట్టుకుంది. రోడ్డు చాప దులిపినట్టు లేచి పడుతోంది. ఎదురొచ్చే లారీ ఆ మడత మీద ఎక్కి వెనక్కి జారిపోయింది. కింద ఊళ్లో ఆడవాళ్లు కవ్వం పట్టకుండానే వెన్న తీసుకున్నారు."

"కొండ కూడా ఊగిందా తాతా?"

"కొండేమిట్రా, సూర్యుడికే కాలు నిలవలేదు! ఎటు దిగాలో తెలియక కాసేపు అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు సాయంత్రం ఆలస్యంగా అయింది. కావాలంటే మీ నాయనమ్మని అడుగు."

"మా నాయనమ్మకి మతిమరుపు."

"అందుకే అడగమంటున్నా."

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. కిందికి చేరిన నేస్తాలు. స్పీకరు వెయ్యకపోయినా మాటలు బయటికి వినబడుతూనే ఉన్నాయి. "ఏరా, బండి తోలుకొస్తున్నావా, తోసుకొస్తున్నావా? మీ ఆవిడ వెనకనుంచి నెడుతోందా?" వెనకాల పెద్ద నవ్వు. అతను ఫోను పెట్టేశాడు. మొహం మాడిపోయింది. తాళంచెవి తిరగడం ఆగింది. ఇప్పుడది పిడికిట్లో ఉంది.

లోయలోంచి మంచు పైకి పాకుతోంది. కింది మలుపు అప్పటికే సగం మాయమైంది.

"మరి ఎలా ఆపారు పెద్దాయనా?" అన్నాడు భర్త. ఆటకు అడిగినట్టు లేదు ఆ గొంతు.

తాత ఛాతీ విరుచుకున్నాడు. పెద్దవాళ్లు కథ అడిగితే ఆయనకు ఎక్కడలేని ఊపూ వస్తుంది. "ఎలానా? ఇదిగో, ఈ పిడికిలి! ఉక్కు పిడికిలి. రెండు చేతులా పట్టాను. పళ్లు బిగించాను, ఊపిరి బిగించాను. నా పట్టుకు హ్యాండిలు రబ్బరు కరిగి వేళ్ల సందుల్లోంచి కారింది. లోపలి ఇనుప గొట్టం పిండిముద్దలా నలిగింది. బండి ఆగింది, రోడ్డు ఆగింది, కొండ ఆగింది! అప్పుడు బండి నడుస్తుండగానే ముందుకు వంగి, హ్యాండిలు కింద నట్టును నా పళ్లతో బిగించా. అంతే బాబూ. నట్టు బిగిస్తే చాలు, మిగతాదంతా పట్టులో ఉంది. గట్టిగా పట్టుకున్నవాణ్ణి ఏ బండీ ఏమీ చెయ్యలేదు!"

"నట్టు ఎలాగూ బిగించేశాడు కదా," అని భర్త లేచి నిలబడ్డాడు. హెల్మెట్టు తలకు పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించాడు. "లే. చీకటి పడకముందే దిగిపోదాం."

ఆమె లేవలేదు, బస్సాఫీసు దారి కేసి చూసింది. మెకానిక్కు ఇంకా రాలేదు. పిల్లలు బండి స్టార్టయ్యేది చూద్దామని ముచ్చటగా తిరిగి కూర్చున్నారు. తాత గర్వంగా మీసం దువ్వుకుంటున్నాడు. మొగుడి పరువు కాపాడితే మొగుడు దక్కేలా లేడు.

"బాబాయ్ గారూ," అంది. "గట్టిగా పట్టుకుంటే ఆగిందా?"

"ఆగక? బండి కిక్కురుమంటే ఒట్టు!"

"ఆగదండీ. గట్టిగా పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది."

"నువ్వూరుకో," అన్నాడు భర్త హెల్మెట్టు లోపలినుంచి.

"ఊరుకోను. మీకు ఎంత కోపమొచ్చినా సరే, కింద పడ్డాక కోప్పడటానికి మీరూ ఉండరు, పడటానికి నేనూ ఉండను." అనేసి పిల్లల వైపు తిరిగింది, అతని కళ్లలోకి చూస్తే చెప్పలేనని. "పొద్దున ఈయనా పట్టారర్రా. వేళ్ల కణుపులు తెల్లబడేదాకా పట్టారు. పట్టు బిగిసేకొద్దీ బండి రెచ్చిపోయింది. ఈయన చేతుల బిగువంతా దాని తలకే ఎక్కింది. తెల్లరాళ్లు ఇంత దగ్గరికి వచ్చేశాయి. ఇంక అయిపోయిందనుకుని కళ్లు మూసుకుని ఈయన నడుం కరుచుకున్నాను. నడుం దగ్గర ఈయనకి..." ఒక్క క్షణం ఆగింది. "చక్కిలిగింతలు."

పిల్లలందరి తలలూ భర్త వైపు తిరిగాయి.

"కెవ్వుమని నవ్వి మెలికలు తిరిగిపోయారు. చేతులు వదులయ్యాయి, యాక్సిలేటరు వదిలేశారు. అంతే. రెండు ఊపులు ఊపి బండి తనంతట తానే సర్దుకుంది. మెల్లగా వేగం తగ్గి పక్కన ఆగింది. మమ్మల్ని బతికించింది పట్టు కాదు, పట్టు వదలడం."

భర్త అద్దం కిందికి లాక్కున్నాడు. హెల్మెట్టు అద్దం వెనక మొహం కనబడలేదు. దూరంగా మంచులో ఏదో బస్సు హారను మోగించి మలుపు తిరిగింది. ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడ్డారు.

అప్పుడు ముందు వరసలో, ముక్కు తుడుచుకుని మరీ వచ్చి కూర్చున్న పిల్ల నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మరి తాతా, నీకెవరు పెట్టారు చక్కిలిగింతలు?"

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత గోనెపట్టా మీదున్న పిల్లలంతా దొర్లిపోయారు. "తాతకి చక్కిలిగింతలు! తాతకి చక్కిలిగింతలు!" హారను తాత నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఇన్నేళ్లలో ఆ నోట మాట పడిపోవడం ఆ పిల్లలు చూడటం అదే మొదలు.

కానీ తాత చూపు పిల్లల మీద లేదు. పట్టీ బిగించి ఉన్న ఆ హెల్మెట్టు మీద ఉంది. తన మాట పట్టుకుని ఒక మనిషి ఎందాకా వచ్చాడో చూస్తున్నాడు. మిషను మీద గుడ్డ కప్పబోతే ఉక్కు పిడికిలికి దాని అంచు చిక్కలేదు. గుడ్డ రెండుసార్లు జారిపోయింది.

చివరికి భర్త పట్టీ విప్పాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఎవరివైపూ చూడకుండా వచ్చి తాళంచెవి భార్య ఒళ్లో పడేసి, "ఆ చక్కిలిగింతల మాట కింద మనవాళ్లకి చెప్పకు," అని గొణిగాడు. తర్వాత బండి దగ్గరికి వెళ్లి, వెనక పెట్టెలోంచి సామాను ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు. ఆమె తాళంచెవిని చీర కొంగున ముడి వేసి, ఆ ముడిని మరోసారి బిగించింది.

"ఏమిట్రా ఆ నవ్వులు!" తాత గొంతు తిరిగి లేచింది, కాస్త బొంగురుగా. "కథ అయిపోయింది. పొండి, పొండి, మీ అమ్మలు అన్నాలు పెట్టుకుని వీధుల్లోకి చూస్తుంటారు. పరుగెత్తకండి, మంచు పడుతోంది, అంచున నడవండి. అమ్మాయ్, మీరిద్దరూ ఇవాళ మా ఇంట్లోనే తిని పడుకోండి. మీ పిన్ని నా ఒక్కడికే ఎప్పుడూ వండలేదు, ఊరందరికీ వండుతుంది. ఏం బాబూ, వస్తావా?"

"ఎంత దూరం పెద్దాయనా? బండి మెల్లగా..."

"బండి మాట ఎత్తావంటే నేనే నీకు చక్కిలిగింతలు పెడతా," అన్నాడు హారను తాత. "పదండి. నడిచే పోదాం."