బోనసుగాడు

బెంగాల్‌లోని ఒక రైల్వే ఊరు, ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో క్వార్టరు. దుర్గాపూజ దగ్గరపడింది. చనిపోయిన భర్త ఉద్యోగంలో చేరిన మీనాకుమారి, వర్క్‌షాపు నుంచి వస్తూనే అత్తగారు జోగమ్మ ముందు ఒక సంచి పెట్టింది.

"ఏటిది?"

"చీర, అత్తా. గోల్‌బజార్‌లో తీసుకున్నాను."

"నాకు సీరెందుకే? డబ్బులెక్కడివి?"

"పూజా డబ్బులు పడినాయి."

"పూజా డబ్బులేటి? మీ వర్క్‌షాపులో అలాగే అంటన్నారా?"

"షాపులో అసలు మాటే అంటారు. ఇంట్లో నువ్వు అనొద్దన్నావని..."

"ఊఁ. అన్నాను. టీ తాగు, సల్లారిపోతాది."

"ఆయన పోయి ఏడాదైపోయింది, అత్తా."

"అయితే? ఆ పేరొద్దని అప్పుడే మొత్తుకున్నాను. మీ మావ ఇంటేనా? ఇద్దరాడపిల్లలు పుట్టిన ఎన్నాళ్ళకో ఈడు. సరిగ్గా మీ మావకి షాపులో ఆ డబ్బులు పంచిన రోజే పుట్టినాడు. బళ్ళో మోహనకృష్ణ, ఈదిలో బోనసుగాడు. బెంగాలీ దీదీలు కూడా అలాగే పిలిసీవోరు."

"ఇప్పుడు నువ్వే అనేసినావు."

"నోరు జారినాది. నీ పని సూసుకో."

"విప్పి చూడు. నీలం. ఆయన ఏటేటా నీలమే కదా తెచ్చేది. సందు మొదట్నించే 'అమ్మా, బోనస్ వచ్చింది' అని అరుచుకుంటా..."

"ఆపు."

"ఆపినాను."

"మీనా... ఆ మాటకి అర్థమేటే?"

"జీతం మీద ఎక్కువిచ్చేది."

"అదే. జీతం మనది. తక్కువైతే నిలదీసి అడుగుతాం. ఇదలాక్కాదు, ఇస్తే ఇచ్చినట్టు. అలాగే సరిపెట్టుకున్నానే నేను. దేవుడు ఎక్కువిచ్చినాడు, ఎనక్కి తీసుకున్నాడు, ఏటని అడుగుతామని. ఏటి, తల దించుకున్నావు? కాదా?"

"పోనీలే, అత్తా."

"సెప్పు."

"అది లాటిన్ మాటంట. డబ్బని కాదు. ఎక్కువనీ కాదు."

"మరేటి?"

"'మంచి' అని. అంతే. పెళ్ళైన కొత్తలో ఆయనే చెప్పినారు. అమ్మతో అనకు, గొప్పలు పోతన్నాననుకుంటాదని నవ్వినారు."

"మంచి..."

"ఏడవకు, అత్తా. నేను చెప్పకుండా ఉండాల్సింది."

"ఎక్కువైందే పోనాదనుకున్నాను గదే. అలా అనుకునే తిన్నాను, పడుకున్నాను."

"ఉండు, టీ వేడి చేసి తెస్తాను."

"టీ ఉండనీ. ఆ సీర సంచిలో పెట్టేయ్."

"వద్దా?"

"పెట్టి, సందు మొదటిదాకా ఎళ్ళు. ఆడిలాగే అరుసుకుంటా రా. అత్తా అనకు, అమ్మా అను. తలుపు నేను తీస్తాను."