వెనక సంతకం లేని కార్డులు

రన్ అంటే పరిగెత్తడమేనా అంటావేంటే తల్లీ? ఆ మాట నా దగ్గర ఎత్తకు, నీరసమొస్తుంది. మా నిఘంటువు ఆఫీసులో నా పక్కబల్ల మాష్టారు ఆ ఒక్క మాటతో ఆరేళ్లు కాపురం చేశారు. ఆయన పోయి... ఎన్నేళ్లయిందో, సరే కూర్చో. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు. ముక్కు కారితే రన్, కుళాయి కారితే రన్, ఉతికితే బట్ట రంగు దిగిందా, అదీ రన్నే, కొట్టు నడిపితే రన్, ఎన్నికల్లో నిలబడినా రన్! నిలబడ్డం కూడా పరుగేనా మాష్టారూ అని నేను నవ్వితే, "నవ్వు నాయనా, నవ్వు. పాతకాలంలో మనిషి పరుగుకీ ఏటి పారుదలకీ ఇంగ్లీషువాళ్లకి ఒకటే మాట. అక్కణ్ణించి పారి పారి ఇక్కడిదాకా వచ్చింది" అనేవారు, ముక్కుతో మాట్లాడుతూ.

ఏదో చెబుతున్నానే... ఆఁ, కార్డులు. మా దగ్గరో కట్టుబాటుండేది. కార్డు తీసేసినవాడు ఎందుకు తీశాడో వెనక రాసి సంతకం పెట్టాలి. మాష్టారు కంటి ఆపరేషనై పదిరోజులు రాలేదు. మేనేజరొచ్చి నా మీద పడ్డాడు. "ఈ మాటొక్కటే పుస్తకమంతా మింగేస్తోందయ్యా! రేపటికి రెండు పేజీలకి కుదించు. ఆయనొస్తే మళ్లీ మొదటికొస్తుంది." కుదించాను. పంతొమ్మిది కార్డులు తీశాను. ఒక్కదాని వెనకా సంతకం పెట్టలేదు. ఆయన మొహం ఎలా చూడాలన్న భయం, అంతే. పేజీలు అచ్చుకెళ్లిపోయాయి.

నల్లకళ్లద్దాలతో వచ్చారు. తీసేసిన కార్డులు బల్లమీద పరిచి, ఒక్కొక్కటీ కంటికానించుకుని తిప్పి చూశారు. "ఇవెవరు తీశారు నాయనా?" నేను పెన్నులో సిరా పోసుకుంటూ కూర్చున్నా. ఆయనే, "ఆపరేషనుకి ముందు నేనే తీసుంటాన్లే. ఈమధ్య మతుండట్లేదు" అని, పంతొమ్మిదింటి వెనకా సంతకాలు పెట్టారు. కారణం రాసేచోట ఖాళీ వదిలేశారు. ఏం రాస్తారు, పాపం! మర్నాడు రాజీనామా. "చేసిన పని మర్చిపోయేవాడు ఈ కుర్చీలో ఉండకూడదు నాయనా" అన్నారు. ఆ కాగితం మేనేజరు గదికి పట్టుకెళ్లింది నేనే. దూరం ఇరవై అడుగులు కూడా ఉండదు. దారిలో ఆగి వెనక్కి తిరగొచ్చుగా? తిరగలేదు.

ఆ తర్వాత ఇంటి దగ్గర తలుపు గడియ పెట్టానా లేదా అని నాలుగైదుసార్లు లేచి చూసుకునేవారట. వాళ్లావిడ చెప్పింది. ఎవరేం చెప్పినా "నాకు గుర్తుండదమ్మా, నువ్వే చూడు" అనేవారట. ఆయనకి మతిమరుపు లేనేలేదు తల్లీ.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు.