గొంతుకి గరుకు

పాటలకి మెరుగు పెట్టే గది అది. కిటికీ లేదు, గోడల నిండా స్పాంజి పలకలు, బల్ల మీద రెండు స్పీకర్లు. ఒక కుర్చీలో మిక్సింగ్ చేసేవాడు, పక్క కుర్చీలో అతని పిన్ని, పాట పాడింది ఆవిడే. పొద్దుటి నుంచి ఇద్దరూ ఒకే పాట మీద కీచులాడుకుంటున్నారు.

"మళ్లీ చెప్పు. నా గొంతుకి ఏం చేస్తానన్నావు?"

"కొంచెం గరుకు పట్టిస్తా పిన్నీ. డిస్టార్షన్ అంటాం."

"డిస్టార్షన్ అంటే గొంతు పగిలిపోవడం కదరా. మైకు పాడైతే వస్తుంది, గర్రుమని."

"ఎక్కువైతే అంతే. ఇది సన్నగా. పగిలిందని తెలియకూడదు, గొంతు దగ్గరికొచ్చినట్టు మాత్రం ఉండాలి."

"మసిపూసి మారేడుకాయ చేస్తానంటావు."

"అంతే. కాకపోతే మసి కనపడదు."

"ముప్పై ఏళ్ల నుంచి పాడుతున్నా. ఎవడూ నాకు మసి పూయలేదు."

"అప్పట్లో టేపు మీద రికార్డు చేసేవాళ్లుగా. ఆ టేపే పూసేది. నీకు చెప్పేవాళ్లు కాదు."

"నువ్వు మాత్రం పనిగట్టుకుని చెప్తున్నావు."

"నువ్వు అడిగావు."

"సరేలే. సాయంత్రం మ్యూజిక్ డైరెక్టరొచ్చి వింటాడు. కిందటిసారి ఏమన్నాడో తెలుసుగా?"

"గొంతు పల్చబడిందన్నాడు."

"అలా అన్నా బావుండేది. 'రెస్టు తీసుకోండమ్మా' అన్నాడు. ఈసారీ అదే మాటంటే ఇంక పిలవడు. ఇదే ఆఖరి పాట నాకు."

"అందుకే గరుకు వద్దనకు అంటున్నా."

"ఏదీ, వినిపించు... ఆపు, ఆపు. చెత్తగా ఉంది. తీసెయ్."

"సరే. ఇప్పుడు?"

"ఇప్పుడు హాయిగా ఉంది. చూశావా, శుభ్రమైన గొంతు ఎలా ఉంటుందో."

"ఇప్పుడే వేశా పిన్నీ. ఇందాకటిది ఏమీ వెయ్యనిది."

"దొంగ వెధవ."

"ఏమీ వెయ్యని..."

"వినపడింది. రెండోసారి చెప్పక్కర్లేదు. ఎలా చేశావు?"

"నీ ట్రాకుకి ఇంకో కాపీ తీశా. అసలుదాన్ని ముట్టుకోలేదు. కాపీని బాగా నలగ్గొట్టి, పగలగొట్టి, అసలుదాని కింద సన్నగా పెట్టా. కూరలో ఉప్పులాగా. ఉంటే తెలియదు, లేకపోతే తెలుస్తుంది."

"ఇంకొంచెం వెయ్యి ఉప్పు."

"ఇందాక చెత్త అన్నావు."

"ఇందాక నాకు తెలియదు. వెయ్యి... అబ్బ. ఆ పల్లవి చివర చూడు, ఎంత నిండుగా ఉందో. నా పెళ్లినాటి గొంతురా ఇది."

"నిజమే. నేననుకున్నదానికన్నా బాగా కూర్చుంది."

"మా కోడలికి వినిపించాలి దీన్ని. గైడు పాడిపోయిన రోజు నుంచి నా మొహం చూడట్లేదు."

"రెండో చరణం తనకిమ్మని అడిగింది. నువ్వు కాదన్నావు."

"నాకు వరస తెలియడానికి ముందుగా పాడి పెట్టమన్నాం, పాడింది. గైడు పని అంతవరకే. దారి చూపించినవాడికి ఇంట్లో వాటా ఇస్తామా?"

"రెండు గొంతులైతే బావుంటుందని మ్యూజిక్ డైరెక్టరే అన్నాడు."

"ఆయన సవాలక్ష అంటాడు."

"మరదలు బాగానే పాడుతుంది పిన్నీ."

"పాడుతుంది. ప్రతి చరణం ముందూ నాలుకతో ట్చ్ మంటుంది, బల్లిలాగా. దాని గొంతు ఈ పాటలో వినపడితే నేను లేచి వెళ్లిపోతా."

"సరే సరే."

"ఏంటది?"

"ఏది?"

"ఇప్పుడు చరణం ఎత్తుకునే చోట. ట్చ్ మంది."

"స్పీకరేమో."

"స్పీకర్లో బల్లి ఉందా? నా గొంతు ఆపి ఆ కాపీ ఒక్కటే పెట్టు."

"ఒక్కటే వింటే ఘోరంగా ఉంటుంది, పగలగొట్టింది కదా..."

"పెట్టు."

"ఇదిగో."

"ఇది నేను కాదు."

"నువ్వు కాకపోతే ఎవ..."

"విను. ట్చ్."

"అమ్మో."

"అమ్మో కాదు. ఏం చేశావురా?"

"కంప్యూటర్లో పక్కపక్కనే ఉన్నాయి పిన్నీ, నీ ట్రాకూ గైడు ట్రాకూ. రెండింటికీ ఒకే రంగు పెట్టుకున్నా. నీది తియ్యబోయి గైడుకి కాపీ తీసినట్టున్నా."

"రెండు గొంతులు కలిసి పాడుతుంటే తెలియదా? చెవులా, చేటలా అవి?"

"నువ్వు గైడుని చెవిలో పెట్టుకునే పాడావుగా. తను ఎక్కడ సాగదీస్తే నువ్వూ అక్కడే. అతికించినట్టు కలిసిపోయింది."

"అంటే నేను కోడలి వెనకాల నడిచానంటావు."

"నేననలేదు."

"తీసెయ్. నాదే కాపీ తీసి, నాదే పగలగొట్టి, నాదే కింద పెట్టు."

"ఒక్క నిమిషం... ఇదిగో. అంతా నువ్వే. గరుకు కూడా నువ్వే."

"ఇంకొంచెం పెంచు."

"పెంచా."

"ఇంకా."

"ఇంక పెంచితే పగుళ్లు బయటపడతాయి."

"నిండట్లేదేంట్రా."

"ఎంత నలగ్గొట్టినా ఉన్నదే పెరుగుతుంది పిన్నీ. లేనిది..."

"ఆగావేం? అను."

"లేనిది రాదు."

"నోరు బాగా లేచింది నీకు. మీ అమ్మకి చెప్తా."

"చెప్పు. పోనీ, మరదలిదే కింద ఉంచేద్దామా? ఆ నాలుక చప్పుళ్లు కోసేస్తా. ఆయన పోల్చుకోలేడు, అంతా నీ గొంతే అనుకుంటాడు. పాట నీదే ఉంటుంది."

"ఎవరికీ తెలియదంటావు."

"దేవుడిక్కూడా."

"దానికి తెలుస్తుందిరా. దాని గొంతు అది పోల్చుకోదా? పోల్చుకుంటుంది, నోరెత్తదు. గిన్నెలు కడుగుతూ నా పాట రేడియోలో విని ఊరుకుంటుంది. అలా ఊరుకుంటే నేను ఆ ఇంట్లో అన్నం తినలేను."

"మరేం చేద్దాం? ఆయనొచ్చే వేళైంది."

"ఏది పైన, ఏది కింద అన్నది నీ చేతిలోనేగా?"

"ఆఁ."

"తిప్పెయ్."

"తిప్పెయ్యడమంటే?"

"దాన్ని శుభ్రంగా పైన పెట్టు. నన్ను పగలగొట్టి కింద పెట్టు."

"పిన్నీ, ఈ పాట కూడా పోతే నీకింక..."

"తెలుసు. భయంగానే ఉంది. నేను మనసు మార్చుకునేలోపు తిప్పు. ఆ బల్లిని మాత్రం కోసెయ్."

"తిప్పా. విను... పిన్నీ, ఏడుస్తున్నావా?"

"లేదు. వింటున్నా. ఇంకొంచెం తగ్గించు నన్ను."

"మరి ఆయనొచ్చి, వెనకాల సన్నగా పాడిందెవరు అనడిగితే?"

"ఎవరూ కాదండీ, గరుకు కోసం వేశాం అను."